తరగతి గదిలో పిల్లల చేత పద్యం కట్టించి చదివించడం ఎలా?

తెలుగు చెప్పే మనలో చాలామందిమి ఛందస్సును పరీక్షలో వచ్చే ఒక ప్రశ్నగా నేర్చుకున్నాం, మళ్ళీ ఒక ప్రశ్నగానే నేర్పుతున్నాం. పాదం ఇస్తాం, గురులఘువులు గుర్తించమంటాం, గణాలు, అంటే గురులఘువుల గుంపులు, విడదీయమంటాం, పద్యం పేరు రాయమంటాం. పిల్లలు మార్కులు తెచ్చుకుంటారు గానీ, ఆ పనిముట్లతో తామూ ఒక పద్యం కట్టవచ్చునన్న ఊహ వారికి రానే రాదు. వడ్రంగం నేర్చుకోవడానికి వచ్చిన కుర్రవాడి చేత ఉలి పేరూ బాడిసె పేరూ వల్లె వేయించి, కర్రముక్క చేతికివ్వకుండా ఇంటికి పంపడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే.

ఆరో తరగతి నుంచి తొమ్మిదో తరగతి దాకా పిల్లలకు పద్యం కట్టడం, నలుగురి ముందు నిలబడి దాన్ని చదవడం ఎలా నేర్పవచ్చో ఇక్కడ వరుసగా చెబుతాను. వారానికి రెండు పీరియడ్లు కేటాయించగలిగితే ఎనిమిది వారాలు సరిపోతాయి. జూలై మొదటి వారంలో మొదలుపెడితే ఆగస్టు 29న గిడుగు రామమూర్తి జయంతి నాడు జరుపుకొనే తెలుగు భాషా దినోత్సవానికి, లేదా తెలంగాణలో సెప్టెంబరు 9న కాళోజీ జయంతికి పిల్లలు తమ సొంత పద్యాలతో సిద్ధంగా ఉంటారు. నేను పాటించే వరుస ఇది: ముందు చెవి, తరువాత నోరు, ఆపైన కన్ను, అన్నిటికన్నా ఆఖరున కలం. మొదటి రోజే కాగితం ఇచ్చి "కవిత రాయండి" అన్న తరగతిలో ముప్పై మంది ముప్పై నినాదాలు రాస్తారు. ఒకసారి నేను దేశభక్తి అన్న అంశం ఇచ్చి, తరగతి మొత్తం నుంచి ఇంచుమించు ఒకే కవితను అందుకున్నాను. ఆ తప్పు పిల్లలది కాదు.

మొదటి రెండు వారాలు: వినడం, అనడం

ప్రతి తెలుగు పీరియడులోనూ మొదటి ఐదు నిమిషాలు ఒక పద్యానికి ఇవ్వండి. మీరు ఒక పాదం చదివితే తరగతి అంతా ఆ పాదాన్ని తిరిగి అనాలి. నాలుగు పాదాలూ అయ్యాక మొత్తం పద్యాన్ని అందరూ కలిసి ఒకసారి చదవాలి, అంతటితో వదిలిపెట్టాలి. ప్రతిపదార్థం చెప్పవద్దు, తాత్పర్యం అడగవద్దు, ఎవరినీ లేపి ప్రశ్న వేయవద్దు. పాఠ్యపుస్తకంలోని శతక పద్యాలు ఇందుకు చాలు. వాటిలోనూ ఆటవెలదులు, తేటగీతులు ఎక్కువగా ఎంచుకోండి, ఎందుకంటే పిల్లలు తరువాత కట్టబోయేది ఆ నడకలోనే. రెండు వారాలలో పది పద్యాలు వారి నోట పడితే, గణం అన్న మాట ఎరగకపోయినా, పాదం ఎక్కడ కుంటుతోందో వారి చెవికి తెలిసిపోతుంది. ఈ చెవి ఏర్పడకుండా ముందుకు వెళితే మిగిలిన పనంతా లెక్కల తరగతిలా మారిపోతుంది గనుక, ఇక్కడ తొందరపడవద్దని మిమ్మల్ని గట్టిగా కోరుతున్నాను.

మూడో వారం: చప్పట్లతో గురులఘువులు

ఒక చిటిక వేసేంత కాలం ఒక మాత్ర. ఒక మాత్రలో పలికేది లఘువు, రెండు మాత్రలు పట్టేది గురువు. దీన్ని నల్లబల్ల మీద నిర్వచనంగా రాయడానికి ముందు హాజరు పట్టీతో మొదలుపెట్టండి. పేరు పిలవగానే ఆ విద్యార్థి "వచ్చానండి" అనకుండా తన పేరును చేతులతో చెప్పాలి: పొట్టిగా పలికే అక్షరానికి చిటిక, సాగదీసి లేదా ఒత్తి పలికే అక్షరానికి చప్పట్లు. సీత అంటే చప్పట్లు, చిటిక. కమల అంటే మూడు చిటికెలు. లక్ష్మి అన్నప్పుడు మొదటి అక్షరానికి దీర్ఘం లేకపోయినా చప్పట్లే ఎందుకు పడుతున్నాయని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. ఆ ప్రశ్న వచ్చేదాకా ఆగండి. వచ్చినప్పుడు, సంయుక్తాక్షరానికీ ద్విత్వాక్షరానికీ ముందున్న అక్షరం ఆ బరువును మోయవలసి వస్తుందనీ, అందుకే గురువవుతుందనీ చెప్పండి. దీర్ఘాక్షరాలు, ఐకార ఔకారాలున్నవి, సున్న ఉన్నవి, విసర్గ ఉన్నవి, పక్కన పొల్లుహల్లు ఉన్నవి కూడా గురువులే. మరియమ్మ, లింగయ్య, అబ్దుల్, సాయమ్మ అన్న పేర్లన్నీ వారం రోజులలో తరగతికి తాళంగా వచ్చేస్తాయి, తన పేరులో గురువు ఎక్కడుందో ఎరగని పిల్లలు ఒక్కరూ మిగలరు.

ఐదో తరగతి లోపు పిల్లలకు ఇంతవరకే నేర్పి, ఇక్కడి నుంచి మాత్రల పాటలోకి తీసుకువెళ్ళండి. గురజాడ అప్పారావు 1910లో తెచ్చిన ముత్యాలసరాల నడక పిల్లల చేతులకు బాగా పట్టుబడుతుంది. అందులో పాదం మూడు, నాలుగు, మూడు, నాలుగు మాత్రలుగా నడుస్తుంది, ఆఖరి పాదం కురచగా ఉండవచ్చు. "తకిట తకధిమి తకిట తకధిమి" అని బల్ల మీద వాయిస్తూ, ఆ దరువులోకి మాటలు పోయమనండి. నమూనాకు నేను కట్టి చూపేది ఇది:

వాన కురిసీ వాగు పొంగీ
బడికి దారే లేక పోయీ
అమ్మ కొంగే గొడుగు చేసీ
తడిసి నవ్వాం

కురిసీ, పొంగీ అని సాగదీయడం తప్పు కాదా అని పిల్లలు అడిగితే, నాట్ల వేళ వాళ్ళ అమ్మమ్మలు పాడిన పాటలలో ఆ సాగదీత ఎంత సహజంగా ఉండేదో ఇంటికి వెళ్ళి అడిగి రమ్మనండి. ఒకటి రెండు పాటలైనా ఆ ఇళ్ళ నుంచి తరగతిలోకి వస్తాయి.

నాలుగో వారం: చూడడం, ఏరుకోవడం

పిల్లలను గది బయటికి తీసుకురండి. ఒక్కొక్కరు ఒక్కొక్క వస్తువు ముందు పది నిమిషాలు కూర్చోవాలి: కుళాయి, సైకిళ్ళ వరుస, మధ్యాహ్న భోజనం వండే గిన్నెలు, ప్రహరీ మీది చీమల బారు, పగిలిన కిటికీ అద్దం. చూసినదాన్ని మాటలుగా, వాక్యాలు కట్టకుండా, ఒక నోటు పుస్తకంలో రాసుకోవాలి. ఈ పనికి రెండు నియమాలు పెట్టండి. అందమైన, చక్కని, బాగుంది అన్న మాటలు రాయకూడదు, ఎందుకంటే అవి కన్ను చూసినవి కావు. ఏం చేయాలో, ఏం కాపాడాలో, ఎవరిని గౌరవించాలో కూడా రాయకూడదు. ఈ రెండో నియమం పిల్లలకు చాలా కష్టం. ప్రతి వ్యాసం చివర ఒక నీతి రాయడానికి మనమే వారిని అలవాటు చేశాం గనుక, చెట్టు పేరు ఎత్తితే "నాటుదాం", నీటి పేరు ఎత్తితే "కాపాడుదాం" అని కలం తనంతట తానే పరుగెత్తుతుంది.

చెరువు గురించి ఒక పాప ఇలా రాసిందనుకుందాం: "మా ఊరి చెరువు చాలా అందంగా ఉంటుంది. అందులో నీళ్ళు నిండుగా ఉంటాయి. చెరువును మనమందరం కాపాడుకోవాలి." ఇందులో తప్పు వెతకవద్దు. "నిన్న సాయంత్రం నువ్వు చెరువు దగ్గర ఉన్నప్పుడు ఏం కదిలిందమ్మా?" అని అడగండి. గేదె దిగిందని ఆ పాప చెబుతుంది. గేదె దిగితే ఏమైంది? నీళ్ళు కదిలాయి. నీళ్ళలో ఏం కనబడుతోంది అప్పటికి? గుడి గోపురం నీడ. అదేమైంది? ఆ జవాబుతో కవిత పూర్తవుతుంది:

గేదె దిగింది
చెరువులోకి
గుడి గోపురం
ముక్కలు ముక్కలైంది

ఆచార్య ఎన్. గోపి 1997లో మొదలుపెట్టిన నానీల రూపం ఇలాంటి చూపుకు సరిగ్గా సరిపోతుంది. నాలుగు పాదాలలో ఇరవై అక్షరాలకు తగ్గకుండా, ఇరవై అయిదుకు మించకుండా రాయాలన్నది అందులోని కట్టుబాటు. పై కవితలో ఇరవై రెండు అక్షరాలున్నాయి. వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ అక్కరలేని మాటను తీసివేయడం పిల్లలకు ఆటగా ఉంటుంది, కోతకు చెయ్యి అలవాటు పడుతుంది. పద్యంలోకి వెళ్ళే ముందు ప్రతి ఒక్కరి చేతా కనీసం మూడు చిన్న కవితలు ఇలా రాయించండి.

యాస గురించి ఇక్కడే ఒక మాట చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ఒక పాప రాసిన ఇంటి మాటను ఎర్రసిరాతో కొట్టివేసి పుస్తకాల మాట పైన రాశాను. ఆ సంవత్సరమంతా ఆ పాప మళ్ళీ ఒక్క కవిత కూడా నా చేతికి ఇవ్వలేదు. మొదటి ప్రతిలో యాసను దిద్దవద్దు. సొరకాయ అనే ఇంట్లో సొరకాయ అనే రానివ్వండి, ఆనపకాయ అనే ఇంట్లో ఆనపకాయ అనే రానివ్వండి. ఛందస్సు దృష్టిలో ఆ రెండూ వేరు వేరు సరుకులు, ఎవరి మాట ఎక్కడ ఇముడుతుందో చూడడమే ఒక మంచి పాఠం. కోయ, గోండి, బంజారా, ఉర్దూ, కన్నడ, తమిళ భాషలు ఇంట్లో మాట్లాడే పిల్లలుంటే వారి మాటలనూ రానివ్వండి, ఎందుకంటే ఏ భాష మాటలోనైనా గురువూ లఘువూ ఉంటాయి.

ఐదు, ఆరు వారాలు: ఆటవెలది

ఇక అసలు పని. ఆటవెలదికి రెండు బుట్టలు కావాలి. సూర్యగణాల బుట్టలో రెండే రకాలు: మూడు లఘువులు, లేదా ఒక గురువు మీద ఒక లఘువు. ఇంద్రగణాల బుట్టలో ఆరు రకాలు: నల (నాలుగు లఘువులు), నగ (మూడు లఘువులు, గురువు), సల (రెండు లఘువులు, గురువు, లఘువు), భ (గురువు, రెండు లఘువులు), ర (గురువు, లఘువు, గురువు), త (రెండు గురువులు, లఘువు). ఈ పేర్లు చెప్పే ముందు పండ్ల పేర్లు అడగండి. జామ, నిమ్మ, ద్రాక్ష, రేగు, ఈత అన్నవి గురువు, లఘువు. అరటి, పనస అన్నవి మూడు లఘువులు. ఇవన్నీ సూర్య బుట్టలోకి వెళతాయి. మామిడి, కొబ్బరి భగణాలు. దానిమ్మ, నారింజ, నేరేడు, బొప్పాయి తగణాలు. ఇవి ఇంద్ర బుట్టలోవి. సొరకాయ పండు కాకపోయినా సలగణం, అదీ ఇంద్ర బుట్టలోకే. ఆనపకాయను మాత్రం విరిచి, "ఆనప"ను ఒక బుట్టలో, "కాయ"ను మరో బుట్టలో వేయాలి. సపోటా లఘువుతో మొదలై రెండు గురువులతో ముగుస్తుంది గనుక ఏ బుట్టలోనూ పట్టదు. ఈ ఒక్క సపోటా వల్లనే, ప్రతి మాటా ప్రతి చోటా ఇమడదన్న సంగతి నా తరగతులలో బాగా నాటుకుంది. చీటీల మీద మాటలు రాయించి, నిజంగానే రెండు బుట్టలు పెట్టి వేయించండి. రెండు పీరియడ్లు దీనికే పోయినా నష్టం లేదు.

తరువాత పద్యం కట్టుబడి చెప్పండి. మొదటి, మూడో పాదాలలో మూడు సూర్యగణాలూ రెండు ఇంద్రగణాలూ వస్తాయి. రెండో, నాలుగో పాదాలలో అయిదూ సూర్యగణాలే. ప్రతి పాదంలోనూ నాలుగో గణం మొదటి అక్షరం పాదం మొదటి అక్షరంతో కలవాలి, అదే యతి. రెండో అక్షరానికి ప్రాస కలపవలసిన నిర్బంధం ఆటవెలదిలో లేదు, పిల్లలకు ఇదే మొదటి పద్యం కావడానికి ముఖ్యమైన కారణం అదే. అయిదు సూర్యగణాల పాదం వారికి ఎప్పుడో తెలుసు: "విశ్వదాభిరామ వినురవేమ" అన్నదాన్ని విశ్వ, దాభి, రామ, వినుర, వేమ అని విరిచి చప్పట్లు కొట్టిస్తే, నాలుగో గణం దగ్గర "వి" మళ్ళీ మోగడం తరగతి మొత్తానికి వినబడుతుంది. యతిమైత్రి పట్టికను మొదట్లో పూర్తిగా ఇవ్వవద్దు. హల్లు ఒకటే ఉండాలి, దాని మీది అచ్చు అకార, ఇకార, ఉకార వర్గాలలో ఒకే వర్గానికి చెంది ఉండాలి అన్నంత వరకు చెబితే చాలు. ఇ, ఈ, ఎ, ఏ ఒక వర్గమనీ ఉ, ఊ, ఒ, ఓ మరో వర్గమనీ గోడ మీద రాసిపెట్టండి. మిగిలిన మైత్రులూ, ప్రాసయతీ వారి అవసరాన్ని బట్టి తరువాత నేర్పవచ్చు.

మొదటి పద్యాన్ని తరగతి అంతా కలిసి నల్లబల్ల మీద కట్టాలి. ఆ పని ఎలా సాగుతుందో ఒక ఉదాహరణతో చూపుతాను. అంశం బడిలోని వేపచెట్టు అనుకుందాం. ఎవరో "మా బడిలో వేపచెట్టు ఉంది" అంటారు. నాలుగో అక్షరం దగ్గరే అది సూర్య బుట్ట దాటిపోతుంది. మాటలు తిప్పి చూడమనండి. "వేప", "చెట్టు" రెండూ సూర్యగణాలే అని ఒకరు పట్టుకుంటారు, "నీడ" అని మరొకరు కలుపుతారు. మూడు గణాలు దొరికాయి. నాలుగో గణం "వే"తో కలిసే అక్షరంతో మొదలు కావాలి గనుక వేడి, వీపు, విడువని, వీడని అని మాటలు వచ్చి పడతాయి. "విడువని మా బడి" నాలుగు లఘువులతో నలగణం మీద నిలుస్తుంది, "వీడని మా బడి" భగణం మీద నిలుస్తుంది. రెండూ ఒప్పే. అప్పుడు ఏది తీసుకోవాలో చెవి చెప్పాలి. రెండింటినీ పైకి చదివించి చేతులెత్తించండి. నీడ, వీడని అన్న మాటల జోడు నచ్చి పిల్లలు రెండోదాన్నే ఎంచుకుంటారు.

నాలుగో పాదంలో మరో చిక్కు వస్తుంది. లెక్కల చేదు పోయి స్నేహం కుదిరిందని చెప్పాలి. "చేదు పోయి లెక్క స్నేహమాయె" అంటే గణాలు సరిపోయినట్టే ఉంటాయి, చకారానికీ సకారానికీ యతిమైత్రి శాస్త్రంలో ఉన్నది కూడా. అయినా పిల్లల చెవికి అక్కడ గంట మోగదు, పైగా "లెక్క" తరువాత "స్నే" అన్న సంయుక్తాక్షరం వచ్చి ముందున్న అక్షరం గురువా లఘువా అన్న తగాదా పుడుతుంది. మాట మార్చమనండి. "చెలిమి" దొరికేదాకా మీరు నోరు విప్పకుండా నిలబడగలిగితే, ఆ మాట కనుక్కున్న పిల్లవాడు దాన్ని జన్మలో మరిచిపోడు. చివరికి పద్యం ఇలా నిలుస్తుంది:

వేప చెట్టు నీడ వీడని మా బడి
గంట మోగగానె గంతులేయు
పుస్తకాల మీద పువ్వులు రాలగా
చేదు మాని లెక్క చెలిమి చేసె

ఆ తరువాత అయిదుగురేసి జట్లుగా విడదీసి, జట్టుకొక పద్యం కట్టించండి. ఒంటరిగా కట్టడం ఆ తరువాతి మెట్టు, కట్టలేని వారిని బలవంతపెట్టనక్కరలేదు. నానీతోనో మాత్రల పాటతోనో వారు వేదిక ఎక్కవచ్చు. జట్లు ఎక్కడైనా ఆగిపోతే అవధానంలోని ఆటలను అరువు తెచ్చుకోండి. దత్తపదిలో నాలుగు మాటలిచ్చి, వాటిని ఇముడ్చుతూ చెప్పిన అంశం మీద పద్యం కట్టమంటారు. మన పిల్లలకు రెండు మాటలు చాలు. సమస్యాపూరణంలో ఆఖరి పాదం ఇచ్చి మిగిలిన మూడూ పూరించమంటారు. "గంట మోగగానె గంతులేయు" అన్న పాదాన్నే ఇచ్చి, ఈసారి గంతులేసేది బడి కాకుండా మరెవరో కనుక్కోమనండి. మేకపిల్ల, రైలు పెట్టెలో పిల్లాడు, అమ్మోరి జాతరలో పోతురాజు, ఏదైనా రావచ్చు. మీరు కూడా వారితో పాటు కూర్చుని కట్టండి. ఉపాధ్యాయుడు కొట్టివేతలతో తంటాలు పడడం కళ్ళారా చూసిన తరగతికి కొట్టివేత అంటే సిగ్గు ఉండదు.

దిద్దుబాటు గురించి క్లుప్తంగా చెబుతాను. కాగితం మీద దిద్దవద్దు. పద్యాన్ని కట్టిన పిల్లలు కాకుండా పక్క జట్టు పైకి చదవాలి, కట్టినవారు వినాలి. చదివేవారి నాలుక ఎక్కడ తడబడిందో అక్కడ ఒక చుక్క పెట్టుకోవాలి. ఆ చుక్కలు తప్ప మరేమీ మార్చనక్కరలేదు. ఎవరైనా ఫోనులోంచి దించిన పద్యం తెచ్చారని అనుమానం వస్తే నిలదీయకండి. మూడో గణంలో ఆ మాటే ఎందుకు వచ్చిందో, దానికి ముందు ఏ మాట అనుకున్నారో అడగండి. సొంతంగా కట్టిన పిల్లలు దానికి ఒక కథే చెబుతారు.

ఏడు, ఎనిమిది వారాలు: నిలబడి చదవడం

పద్యం అనగానే మన పిల్లలు రెండు పనులు చేస్తారు. గొంతెత్తి అరుస్తారు, లేదా పాదం చివర ప్రతిసారీ ఆగి అర్థాన్ని విరిచేస్తారు. అందుకని మొదట రాగం వద్దు. తమ పద్యాన్ని పక్కింటి వారికి సంగతి చెప్పినట్టు మామూలు గొంతుతో చెప్పమనండి. "వేప చెట్టు నీడ వీడని మా బడి" తరువాత ఊపిరి తీసుకోవచ్చు. కానీ "పుస్తకాల మీద పువ్వులు రాలగా" దగ్గర పూర్తిగా ఆగిపోతే నాలుగో పాదం తెగిపోతుంది, అక్కడ గొంతు కిందికి దించకుండా నిలిపి ముందుకు సాగాలి. ఊపిరి తీసుకునే చోట పెన్సిలుతో ఒక గీత పెట్టించండి. అర్థం ఇలా కుదిరాకే, యతి స్థానం మీద కొద్దిగా ఊనిక ఇస్తూ రాగం తీయమనాలి. ఏ రాగమన్నది ఇంట్లో విన్న పద్యాలను బట్టి పిల్లలే తెచ్చుకుంటారు, నాటక పద్యాలు ఆడే ఊళ్ళలో అయితే వారు మనకే నేర్పుతారు. పాడలేనివారు చదివితే చాలు. ఎనిమిది, తొమ్మిది తరగతుల మగపిల్లలకు గొంతు మారే వయస్సు కాబట్టి పై స్థాయి కోసం వారిని పట్టుబట్టకండి.

గొంతు ఎంత ఉండాలో తెలియడానికి ఒకరిని చివరి బెంచీలో కూర్చోబెట్టి, వినబడినంతసేపూ చెయ్యి ఎత్తి ఉంచమనండి. చెయ్యి దిగితే చదివేవారు గొంతు పెంచాలి. మైకు ఉంటే జానెడు దూరంలో నిలబడడం ముందే అలవాటు చేయాలి, ఎందుకంటే ఆ రోజు ఉదయం నేర్పితే ఎవరికీ రాదు. వేదిక ఎక్కడం, రెండు కాళ్ళ మీద సమంగా నిలబడడం, మనసులో మూడు లెక్కపెట్టడం, పద్యం దేని గురించో ఒక వాక్యంలో చెప్పడం, చదవడం, చివరి మాట తరువాత మళ్ళీ మూడు లెక్కపెట్టి దిగడం: ఈ వరుసను పద్యం లేకుండా వట్టిగానే రెండు రోజులు సాధన చేయించండి. మరిచిపోతే అందించడానికి ప్రతి ఒక్కరికీ ఒక జోడీ ముందు వరుసలో ఉండాలి. మాట అందుకోవడం తప్పు కాదని అందరికీ ముందే తెలిస్తే సగం భయం పోతుంది.

నత్తి ఉన్న పిల్లలు, జనం ముందు నోరు పెగలని పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. వారి కోసం బుర్రకథ పద్ధతి ఉంది. కథకుడు చెబుతుంటే రెండు పక్కలా వంతలు "తందాన తానా" అని అందుకున్నట్టు, ఒకరు పాదం చదివితే ఇద్దరు ఆఖరి రెండు గణాలను తిరిగి అనాలి. నలుగురితో కలిసి తాళం మీద పలికేటప్పుడు చాలామందికి నత్తి అడ్డు రాదు. వారిని ఒంటరిగా నిలబెట్టాలా వద్దా అన్నది వారే నిర్ణయించుకోవాలి.

చదివే రోజున పోటీ పెట్టకండి. మొదటి, రెండో, మూడో బహుమతులు ముగ్గురిని కవులుగా ఇంటికి పంపి, మిగిలిన ముప్పై అయిదు మందికి మీరు కవులు కారని చెబుతాయి. ఎనిమిది వారాల కష్టం ఒక్క గంటలో కొట్టుకుపోతుంది. శ్రోతలుగా చిన్న తరగతుల పిల్లలను, తల్లిదండ్రులను, వంట చేసే అమ్మలను పిలవండి. గిన్నెల మీద కవిత రాసిన పిల్లవాడు దాన్ని వంట చేసే అమ్మ ఎదుట చదవడం నేను చూశాను. ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఆ కాగితం తనకు ఇమ్మని అడిగింది. ఏ బహుమతీ అంత పని చేయలేదు.

విదేశాలలో వారాంతపు తెలుగు తరగతులు నడిపేవారు ఈ వరుసలో ఒక్క మార్పు చేసుకోవాలి. అక్కడి పిల్లలలో చాలామంది తెలుగు వింటారు, కొంత మాట్లాడతారు, రాయడం దగ్గర ఆగిపోతారు. వారు కట్టినదాన్ని గొంతుతో రికార్డు చేయించి, ఇంట్లో పెద్దవారి చేత రాయించండి. చెవీ నోరూ ముందు, కలం ఆఖరున అన్న వరుస వారికి ఇంకా బాగా సరిపోతుంది.

మరునాడు పద్యాలన్నిటినీ పిల్లల దస్తూరీతోనే గోడపత్రిక మీద అతికించండి. యాస మాటలు ఉన్నవి ఉన్నట్టే ఉండాలి, కింద కట్టినవారి పేర్లుండాలి. పక్కన ఒక ఖాళీ కాగితం, దారంతో కట్టిన ఒక పెన్సిలు వేలాడదీసి, ఆ కాగితం మీద ఒక్క పాదం మాత్రం రాసి వదలండి. వారం తిరిగేలోగా మిగిలిన మూడు పాదాలూ ఏ తరగతి పిల్లలు పూరిస్తారో చూసి, మళ్ళీ కొత్త పాదం రాయండి.